అవ్వ చుట్టిన కండె

సిద్దిపేట
18-1-1987

తమ్ముడు దత్తాత్రికి అక్క యాదలక్ష్మి దీవెనలు.

అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గదా. రాయడానికి బాగానే ఉంటుంది. పొద్దున్నే మనల్ని కన్న అవ్వను మంచం మీద నుంచి లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టేసరికి నా నడుము నాది కాకుండా పోతుంది. దాన్ని కూడా క్షేమం కిందే కట్టుకో.

మంచి కబురు ముందు చెప్తాను. జ్ఞానేశ్వరికి సంబంధం కుదిరింది. పిల్లగాని పేరు హరికిషన్. హుస్నాబాద్‌లో బడిపంతులు, నెమ్మదస్తుడు. లగ్గం మే ఎనిమిదో తారీఖున, మా ఇంటి ముందరే పందిరి. మీ బావ రోజూ దుకాణం నుంచి వచ్చి "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అంటూ అరుగు మీద కూర్చుంటాడు. ఆయనది చూడటం వరకే. చేసేది నేను.

అసలు సంగతి ఇది. మేనమామ చీర నువ్వు పెట్టేదే. నీ మేనకోడలు దానికో మెలిక పెట్టింది. పట్టుచీర సాయంత్రం కట్టుకుంటుందట. పుస్తె కట్టే వేళకు మాత్రం మామ మగ్గం మీద నేసిన నూలు చీరే కావాలట. అంతటితో ఆగలేదు. ఆ చీరలో పడే కండెలు ఇంట్లో తలా ఒకటి చుట్టాలట. "ఫొటోల అందరుంటరు గద అమ్మా, చీరల గూడ అందరుండాలె" అంది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే దారపు పుల్ల అని మీ బావకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మగ్గం నేసే సాలోళ్ల ఇంటికి అల్లుడై ఇరవై రెండేళ్లయింది ఆయన.

నాకు ఓపిక లేదురా. వద్దని చెప్పడానికి కూడా ఓపిక లేదు. పిల్ల ఇంకేమీ అడగలేదు, ఇది ఒక్కటే అడిగింది. పసుపు రంగు నూలు, ఖాళీ పుల్లలు పంపించు. పక్క గల్లీలో రాట్నం ఉన్న ఇల్లు ఇంకా ఒకటుంది.

నీ అక్క,
యాదలక్ష్మి


దుబ్బాక
27-1-1987

అక్కకు, బావకు తమ్ముని నమస్కారాలు.

నీ జాబు నీ మరదలు కొండవ్వకు చదివి వినిపించాను. సంబంధం మాట వినగానే లేచి వెళ్లి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. కండెల సంగతి చదివేసరికి ఆ బెల్లం గొంతులో అడ్డం పడింది.

నూలు ముట్టని చేతులు కండెలు చుడితే మగ్గం మీద కూర్చునేవాడికి ఏమవుతుందో నీకు తెలుసు, నువ్వు ఈ ఇంట్లో పుట్టినదానివే. బిగువు లేని కండె నాడె విసరగానే చుట్లు చుట్లుగా జారిపోతుంది. పోగు తెగుతుంది. తెగిన పోగు అతకాలంటే ఇప్పుడు నాకు కళ్లద్దాలు కావాలి, అద్దాలు పెట్టుకుంటే చెమటకు జారతాయి. చేనేత సొసైటీ వాళ్ల తువ్వాళ్లు మార్చి ఆఖరుదాకా ఉన్నాయి, వాటి మధ్యలో చీర పడుగు ఎక్కించాలి. అయినా నేస్తాను. నా ఎదుట పెరిగిన పిల్ల. కండెకు జానెడు గుడ్డ పడుతుంది. మీరు ఐదు చుట్టండి చాలు, మిగతావి కొండవ్వ చుడుతుంది.

పసుపు నూలు, పుల్లలు బస్సులో పంపుతున్నాను. ఎవరి కండెకు వారి పేరు చీటీ కట్టి పంపు. ఎవరిది ఎక్కడ పడిందో పిల్లకు చూపిస్తాను.

అవ్వను చూడటానికి దసరా నుంచి రాలేదని నీ మనసులో ఉంటుంది. నీ జాబులో ఆ మాట లేదు గానీ నాకు వినిపించింది. ఇరవై మైళ్లు కూడా లేని ఊరికి జాబులు రాసుకుంటున్నాం. మగ్గం గుంతలో కాళ్లు పెట్టినవాడికి దుబ్బాక బస్టాండే దూరం అక్కా. అవ్వ జొన్న గటక తాగుతున్నదా అని కొండవ్వ అడుగుతోంది.

తమ్ముడు,
దత్తాత్రి


సిద్దిపేట
3-3-1987

తమ్మునికి,

ఈ జాబుతో పాటు డాల్డా డబ్బా ఒకటి మధ్యాహ్నం బస్సు కండక్టర్ చేతికి ఇచ్చాను. మీ వాడకట్టు మనిషే, ఇంటికి తెచ్చి ఇస్తానన్నాడు. అందులో ఐదు కండెలున్నాయి. నాది, మీ బావది, జ్ఞానేశ్వరిది, పెండ్లికొడుకుది. అతనిది హుస్నాబాద్ నుంచి వచ్చింది, అక్కడ ఎవరింట్లోనో నేర్చుకొని చుట్టాడట. సిగ్గుపడకుండా చుట్టినందుకు నాకు ఆ పిల్లగాని మీద నమ్మకం కలిగింది.

ఐదోదానికి చీటీ కట్టలేదు. కొడుకువు, చూస్తే నీకే తెలుస్తుంది.

అవ్వ గటక తాగుతున్నదా అని కొండవ్వ అడిగిందని రాశావు. అడిగినందుకు సంతోషం. పద్దెనిమిదేండ్లు అవ్వ చుట్టిన కండెలతో మగ్గం నడిపి, పక్షవాతానికి ఆమె కుడి పక్క పడిపోయిన పదో రోజున జీపు మాట్లాడి నా గుమ్మంలో దింపిపోయిన్రు. అప్పుడు లేని అక్కర ఇప్పుడు గటక మీద ఎందుకు. ఇట్లా రాయకూడదనుకున్నాను. రాసేశాను. చింపి మళ్లీ రాసే తీరిక లేదు, బట్టలు నానబెట్టి ఉన్నాయి.

వియ్యపురాలు నూలు చీర అంటే ముఖం చిట్లించింది. "పుస్తె కట్టేటప్పుడు నలుగురు చూస్తరు గద" అంది. చూడనీ అన్నాను. పైకి ధైర్యంగా అన్నాను గానీ చీర చక్కగా రావాలి, నా మాట నిలబెట్టు.

అక్క


దుబ్బాక
12-3-1987

అక్కకు నమస్కారం.

డబ్బా అందింది. అవ్వను దింపిపోయామని నువ్వు రాసిన మాటకు నేను జవాబు రాయను. రాయగలిగితే రాసేవాణ్ని. కండెల సంగతి రాస్తాను.

నీ చేతి పనితనం ఇంకా పోలేదు. పెండ్లయి పోయినా పుట్టింటి పని మరవలేదు. జ్ఞానేశ్వరిది పర్వాలేదు. బావ కండె నడుము దగ్గర ఉబ్బింది, అచ్చం ఆయనలాగే. పెండ్లికొడుకు చీటీ మీద పేరు, తారీఖు, కింద సంతకం పెట్టాడు. బడి రిజిస్టర్ అనుకున్నాడేమో. ఈ నాలుగూ నేతలో పడ్డాయి. బావది నేసేటప్పుడు రెండుసార్లు నాడె ఆగింది, అంతే.

చీటీ లేనిది మాత్రం ఎవరో పక్కింటి పిల్లలు ఆడుకొని ఇచ్చినట్టుంది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, వేలు పెడితే దిగిపోతోంది. ఎవరు చుట్టారో గానీ ఇక ముందు నూలు జోలికి పోవద్దని చెప్పు. అది విప్పి మళ్లీ చుట్టి ఇమ్మని కొండవ్వకు ఇచ్చాను. చుట్టి ఇచ్చింది. అదీ పడింది. నూలు అదే గనుక నీ లెక్క తప్పలేదు.

చీర సగం దాటింది. చక్కగానే వస్తోంది.

దత్తాత్రి


సిద్దిపేట
19-3-1987

దత్తాత్రీ,

అది అవ్వ చుట్టిన కండె.

రాట్నం ఇంటికి తెచ్చినరోజు ఆమె మంచం మీద నుంచి చూసి "నాకియ్యి" అంది. నీకు కుడిచెయ్యి లేదవ్వా అన్నాను. మాట వినలేదు. పట్టులేని ఆ కుడిచేతిని ఒళ్లో పెట్టించుకుంది. ఆ వేళ్ల సందులోంచి పోగు పోనిమ్మంది. ఎడమచేత్తో చక్రం తిప్పింది. కుడిచేతి వేళ్లు పోగును పట్టుకోలేవు, అందుకే వదులు. నాలుగు రోజులు పట్టింది. రోజుకు ఇన్ని చుట్లు తిప్పడం, అలసిపోయి నిద్రపోవడం. మిగిలిన మేమంతా నవ్వుకుంటూ గంటలో చుట్టి పడేశాం. ఆమె ఒక్కతే పని చేసింది.

చీటీ నేనే కట్టలేదు. నీకు గుర్తుపట్టే భాగ్యం ఇద్దామనుకున్నాను. నా తెలివికి నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

డబ్బా పోయిన రోజు నుంచి ఆమె అడిగేది ఒకటే మాట. "నా కండె మగ్గం ఎక్కిందా?" మొన్న నీ జాబు చూసి కూడా అదే అడిగింది. ఎక్కింది అని చెప్పాను. రేపు ఆమె పందిట్లోకి రాలేదు, అక్షింతలు వేయలేదు, పిల్లకు తలంటు పోయలేదు. పెండ్లిలో ఆమెకు ఉన్న భాగం అది ఒక్కటే. దాన్ని విప్పి, సాపు చేసి, కొండవ్వ చేతిది చేశారు. ఆమెను ఇంట్లోంచి పంపింది చాలదని చీరలోంచి కూడా పంపింది అని కొండవ్వకు చెప్పు.

ఇంకోటి చుట్టించి పంపుదామంటే ఇప్పుడు అయ్యే పని కాదు. శివరాత్రి పోయినంక రెండు సార్లు జ్వరం వచ్చింది. ఎడమచేయి గ్లాసును కూడా సరిగ్గా పట్టడం లేదు. దవాఖానకు తీసుకుపోయి తెచ్చాం.

యాదలక్ష్మి


సిద్దిపేట
16-4-1987

తమ్మునికి,

నెల కావస్తోంది, నీ నుంచి జాబు లేదు. కోపం వచ్చిందా, చీర ఆపేశావా, ఏదో ఒకటి రాయి. లేదంటే ఇక్కడి బజారులో ఒక పసుపు చీర కొంటాను. పిల్లకు ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఆమె మాత్రం "మామ తెస్తడు" అని ఒక్క మాటే పట్టుకుంది.

కార్డులు అచ్చయ్యాయి, పందిరి వాళ్లకు చెప్పాం, ఐరేని కుండలకు కుమ్మరింటికి చెప్పి వచ్చాను. అన్నీ జరుగుతున్నాయి. నేను మాత్రం ఎక్కడో వెనక నడుస్తున్నట్టుంది. నిన్న పెండ్లిపిల్లకు గాజులు చూడబోయి దుకాణంలో కూర్చున్నచోటే కునుకు తీశాను. గాజులాయన పాపం లేపలేదు.

ఒక మాట చెప్తాను, ఎవరికీ చెప్పలేదు. పిల్ల పెండ్లి దగ్గరపడుతుంటే నాకు సంతోషం కంటే భయం ఎక్కువగా ఉంది. పొద్దున అవ్వను ఎత్తేటప్పుడు అటు పక్క పట్టేది జ్ఞానేశ్వరి. స్నానం చేయించేటప్పుడు నీళ్లు పోసేది ఆమె. మే తొమ్మిదో తారీఖు నుంచి అటు పక్క ఎవరూ ఉండరు. మీ బావకు చేతకాదు, ఆయన పట్టుకుంటే అవ్వ సిగ్గుతో ముడుచుకుపోతుంది. కన్నబిడ్డ పెండ్లి అయిపోతుందంటే తల్లి ఏడ్చే ఏడుపు వేరు, నేను ఏడ్చేది వేరు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిన్ను అడగాలంటే నాకు నోరు రావడం లేదు, కొండవ్వ ఉన్న ఇల్లు అది. అయినా రాశాను. నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి.

అక్క


దుబ్బాక
22-4-1987

అక్కకు తమ్ముని నమస్కారాలు.

కోపం కాదు. సిగ్గు. నీ మార్చి జాబు కొండవ్వకు చదవలేదు. చదువు రాని మనిషికి ఆ మాటలు ఏ ముఖంతో వినిపించాలి? మడిచి గోడగూట్లో పెట్టి, చీర జానెడు మిగిలి ఉండగా ఆపేశాను. అమ్మ చుట్టిన కండెను పిల్లల ఆట అన్న నోటితో అన్నం తినాలనిపించలేదు. మగ్గం మీద కూర్చోవడం, లేవడం, ఇదే పని.

మొన్న నీ రెండో జాబు వచ్చింది. "వదినె ఏం రాసింది, ముఖం అట్ల పెట్టినవు" అని కొండవ్వ పట్టుకుంది. ఇక దాచలేక రెండూ చదివాను. ఆమె తల వంచుకొని అంతా విన్నది. లేచి లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. పసుపు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో అవ్వ కండె ఉంది. విప్పలేదు.

"గిది అత్త కండె. కొస పోగు మూడు చుట్ల కింద దోపింది చూడు. అట్ల దోపేది అత్త ఒక్కతే. పద్దెనిమిదేండ్లు పక్క పొంట కూసొని చుట్టిన, నాకు తెల్వదా" అంది.

మరి అప్పుడే చెప్పలేదేందే అన్నాను. "నువ్వు అడిగినవా? ఇప్పి చుట్టుమన్నవు. అత్త చుట్టినదాన్ని నేనెట్ల ఇప్పుత? ఇంకోటి చుట్టిచ్చిన" అంది.

కొడుకును నేను. గుర్తుపట్టింది కోడలు. ఇది నేను ఎవరికి చెప్పుకోను?

ఇంకొకటి కూడా ఇప్పుడే రాస్తాను, ఒట్టు తీసి గట్టున పెట్టి. అవ్వను కొండవ్వ పంపలేదు. అవ్వే పోతానంది. మంచం మగ్గానికి ఎదురుగా వేశాం, ఇంట్లో వేరే జాగ లేదు. రోజంతా కొండవ్వ కండెలు చుట్టడం, నేను నేయడం చూస్తూ పండుకునేది. పదో రోజున నన్ను దగ్గరికి పిలిచి, "పని చెయ్యని చెయ్యి మగ్గం ముంగట ఉండొద్దురా. నన్ను బిడ్డ ఇంటికి పంపు. దవాఖాన దగ్గరని చెప్పు. నేనే అన్నట్టు అక్కకు చెప్పకు, కష్టపెట్టుకుంటది" అని ఒట్టు వేయించుకుంది. కొండవ్వ కాళ్లు పట్టుకొని బతిమాలింది, ఉండలేదు. ఆ తరువాత నువ్వు కొండవ్వను అన్నావని ఊళ్లో వాళ్లు చెప్పినప్పుడు నేను నీకు రాస్తానన్నాను. "అననియ్యి. అత్తను అనుకునేకంటె నన్ను అనుకునుడే నయం" అంది. ఆమెది అదే తీరు.

చీర పూర్తయింది. అవ్వ కండెతో ఆఖరు జానెడు నేశాను. నాడె విసరకుండా చేత్తో తోశాను. పోగు తెగినప్పుడల్లా అతికాను, ఒక్క చుట్టు కూడా పారేయలేదు. జానెడు పడాల్సింది నాలుగు వేళ్లు తక్కువే పడింది. అది కొంగు కొస. కొంగుముడి వేసేటప్పుడు పెండ్లికొడుకు కండువాకు ముడిపడేది అదే. అక్కడ నేత వదులుగా ఉంది, మీ వియ్యపురాలు చూస్తే తప్పు పడుతుంది. పడనీ. వదులు నేతకు ముడి జారదని పందిట్లో చెప్పుకో.

పెండ్లికి రెండు రోజుల ముందే ఇద్దరం వస్తాం.

దత్తాత్రి


సిద్దిపేట
15-5-1987

తమ్మునికి, కొండవ్వకు అక్క దీవెనలు. ఈ జాబు కొండవ్వకు మొదటి నుంచి చివరిదాకా చదువు, ఏదీ దాచకు.

పెండ్లయి వారం. పందిరి విప్పి పోయిన గుంతలు ఇంకా పూడ్చలేదు. బోళ్లు తోమడం నిన్నటికి అయిపోయింది. ఇల్లంతా ఖాళీగా ఉంది, ఊడ్చడానికి ఎక్కువ సేపు పట్టడం లేదు.

నువ్వు అప్పగింతల వేళ సామాను జీపుకు ఎక్కిస్తూ బయట ఉన్నావు, లోపల జరిగింది చూడలేదు. కొండవ్వ నీకు చెప్పి ఉండదు. అందుకే రాస్తున్నాను.

కొంగుముడి విప్పకుండానే పిల్లను, అల్లున్ని అవ్వ దగ్గరికి తీసుకుపోయాం. దండం పెట్టారు. జ్ఞానేశ్వరి ఆ ముడిని తీసి అవ్వ ఎడమచేతిలో పెట్టింది. "నీ కండె గిదే అమ్మమ్మా" అనబోయింది, నేను కళ్లతో ఆపాను. అవ్వే ముందు గుర్తుపట్టి చెప్పాలని నాకెందుకో అనిపించింది. ఆమె వేళ్లతో ఆ కొసను చాలాసేపు తడిమింది. వెంట మా వియ్యపురాలు, ఆమె చెల్లెలు, అందరూ నిలబడి ఉన్నారు.

"గిదేంది గింత వదులుంది? ఎవలు చుట్టిన్రు కండె?" అంది.

పిల్ల ముఖం ఎర్రబడింది. నువ్వు చుట్టిందే అవ్వా అని పదిమంది ముందు ఎట్లా చెప్పను? అప్పుడు తలుపు దగ్గర నుంచి కొండవ్వ అంది.

"నేనే చుట్టిన అత్తా. చెయ్యి జారింది."

"ఎన్నిసార్లు చెప్పిన్నే, పోగు బిగబట్టుమని. నేను లేకుంటె గాడ మగ్గం ఆగమైతుంది. నేనే రావాలె" అంది అవ్వ.

"రా అత్తా. నువ్వొస్తెనే నాకు పని అల్కగైతది" అంది కొండవ్వ, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని.

తన కండె తనకు తెలియలేదని నేననుకోను. తెలిసే అడిగిందేమో. ఆ ఇంటికి మళ్లీ పోవడానికి ఆమెకు ఒక పని కావాలి. ఆ పనిని నిందతో పాటు నీ పెండ్లాం ఇచ్చింది.

కొండవ్వా, ఏడాదిగా నిన్ను మనసులో తిట్టాను, జాబులో తిట్టాను, వాడకట్టులో తిట్టాను. తప్పు నాది. పెద్దదాన్ని, కాళ్లు పట్టుకుంటే నీకే ఆయుష్షు తక్కువంటారు, అందుకని ఇక్కడి నుంచే అంటున్నాను.

పెండ్లి రోజు నుంచి అవ్వ "ఎప్పుడు పోతున్నం" అని అడుగుతోంది. నాకు చేతగావడం లేదు తమ్ముడూ. ఈ మాట అనడానికి ఇంత కాలం పట్టింది. ఎండలు తగ్గేదాకా రెండు నెలలు మీ దగ్గర ఉంచుకోండి, ఆ తరువాత నేను తెచ్చుకుంటాను. అట్లా మార్చి మార్చి చూసుకుందాం. వచ్చే సోమవారం జీపు మాట్లాడుకొని తీసుకొస్తున్నాను.

మంచం మగ్గానికి ఎదురుగా వేయకు, రాట్నం పక్కన వెయ్యి. రాట్నాన్ని తిప్పి పెట్టు, చక్రం ఆమె ఎడమచేతి వైపుకు రావాలి.

అక్క
యాదలక్ష్మి